చెల్లుతుందని చెప్పినవాణ్ణి

మా ఊరి బుధ్వారీ బజార్‌లో జిరాక్సులు తీసి, పాత పుస్తకాలకు అట్టలు వేసే కొట్టు ఒకటుంది. మొన్న మార్చిలో బడి ప్రశ్నపత్రాలు జిరాక్సు తీయించడానికి వెళ్ళి అక్కడ నా వంతు కోసం నిలబడ్డాను. లోపల ఒకతను నల్లని రెక్సిన్ అట్టమీద వేడి అచ్చుతో గిల్టు అక్షరాలు అద్దుతున్నాడు. కాలిన ప్లాస్టిక్ వాసన, దాని వెనకే మైలుతుత్తం కలిపిన మైదా జిగురు వాసన. ఎవరో అమ్మాయి తన థీసిస్ బైండింగ్ కోసం పక్కనే ఎదురు చూస్తోంది. ముఖమంతా సంతోషం. నేను మాత్రం కాగితాలు బల్లమీద వదిలేసి బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను. కొన్నేళ్ళ కిందట అదే బల్ల ముందు నిలబడి, "పేరులో ఒక అక్షరం పోయింది భయ్యా, మళ్ళీ అద్దాలి" అని నేను గొడవ పెట్టుకున్నాను. ఆ పేరు వరహాలమ్మ మేడంది. తప్పు పడిన అట్ట చించేసి కొత్తది వేయించుకుని వెళ్ళాను. పేరు విషయంలో అంత జాగ్రత్తపడినవాణ్ణి, అంతకన్నా పెద్ద విషయంలో ఏం చేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వరహాలమ్మ మేడం మీకెవరికీ తెలిసి ఉండరు. ఆవిడ పేరు ఏ పత్రికలోనూ రాలేదు. బిలాస్‌పూర్‌లో రైలు పట్టాల పక్కన, గూడ్సు బండి పోతుంటే పాఠం ఆపుకోవలసి వచ్చే ఒక చిన్న ప్రైవేటు బడికి పద్నాలుగేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేశారు. పొట్టి మనిషి. చీర కింద బట్ట బూట్లు వేసుకుని వంతెన మెట్లు రెండేసి ఎక్కేవారు. ఆవిడ నాన్నగారు టెక్కలి వైపు నుంచి పాయింట్స్‌మన్‌గా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆవిడ పుట్టింది ఇక్కడి రైల్వే క్వార్టర్లోనే. ఆవిడ హిందీ వింటే ఈ ఊరివాళ్ళు కూడా తెలుగావిడ అనుకోరు. గుమ్మం దాటి ఇంట్లోకి అడుగు పెట్టగానే మాత్రం "ఏటి" అనే మాటతోనే మొదలుపెట్టేవారు. భర్త సన్యాసిరావు గారు గూడ్సు గార్డు. వాళ్ళకు పిల్లలు లేరు.

మాది కూడా అలాంటి ఇల్లే. మా తాత గ్యాంగ్‌మన్, మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. నాకు రైల్వే ఉద్యోగం వస్తుందని ఇంటిల్లిపాదీ నమ్మారు. మూడుసార్లు పరీక్ష రాసి మూడుసార్లూ తప్పాను. కంప్యూటర్ డిప్లొమా ఒకటి చేతిలో ఉండేది గాని, దాన్ని ఎవరికి చూపించాలో తెలియక కాలనీ గోడమీద కూర్చునేవాణ్ణి. ఒకరోజు మేడం మార్కెట్ నుంచి వస్తూ నా ముందు ఆగారు. "ఏటి ఈశ్వరూ, గోడ పడిపోతాదని కాపలా కాస్తున్నావా? మా బడిలో ఆరు కంప్యూటర్లు పాడయిపోయి ఉన్నాయి. రేపొచ్చి చూడు" అన్నారు. వెళ్ళాను. నాలుగు బాగుచేశాను. మిగతా రెండూ బాగుపడవని చెప్పాను. ఆ సాయంత్రమే నన్ను ల్యాబ్‌లో పెట్టుకున్నారు. ఏడాది తిరక్కుండా పాఠాలు చెప్పమన్నారు, తరవాత బీఎడ్‌కి తోలారు. గోడమీద నుంచి నన్ను దింపింది ఆవిడే.

నేను పాఠం చెప్పడం మొదలెట్టిన నెలలో ఒకరోజు మేడం చప్పుడు చేయకుండా వచ్చి వెనక బెంచీలో పిల్లల మధ్య కూర్చున్నారు. నలభై నిమిషాలూ నేను చెమటలు కక్కుతూ బోర్డు నింపాను. గంట కొట్టాక పిల్లలు వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికొచ్చారు. "ఏటి నానా, పాఠం బోర్డుకి చెప్తున్నావు? దానికి వచ్చీసినాది కదా, నువ్వే రాసినావు దాని మీద. రానోళ్ళు ఇటున్నారు" అని ఖాళీ బెంచీల వైపు చెయ్యి చూపించారు. మా ప్రాంతం తెలుగులో 'నానా' అంటే నాన్న కాదు, ముద్దుగా పిలిచే పిలుపు. ఆ పిలుపుతో చెప్పిన మాట కాబట్టి నొప్పి పుట్టలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేను పిల్లలకు వీపు చూపించి ఒక నిమిషం కన్నా ఎక్కువ నిలబడలేదు.

ఇంకొకటి కూడా ఆవిడ దయే. అప్పట్లో నాకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం, రాయడం రాదు. కాలనీలో నా వయసువాళ్ళలో చాలామందికి రాదు, అది సిగ్గుపడవలసిన విషయమని మాకు తోచనూ లేదు. సెలవు కావాలని హిందీలో చీటీ రాసుకుని వెళితే మేడం తిరిగి నా చేతిలోనే పెట్టారు. "తెలుగులో రాసి తే. అప్పుడు సంతకం పెడతాను." నిజంగానే జ్వరంగా ఉంది మేడం అన్నాను. "అయితే తొందరగా నేర్చుకో" అన్నారు. అమ్మను అడిగి, అక్షరాలు బొమ్మల్లా గీసి, మర్నాడు ఒక చీటీ తెచ్చాను. 'జరం' అని రాశాను. మేడం ఎర్ర పెన్నుతో దిద్దుతూ, "జరం మనకొస్తాది నానా. రాసినప్పుడు జ్వరం" అన్నారు. అలా సెలవు చీటీలతో మొదలై, రెండేళ్ళకు వారపత్రిక చదివేటంత తెలుగు వచ్చింది. ఈ వాక్యాలు మీరు చదవగలుగుతున్నారంటే అది ఆవిడ పెట్టని సంతకాల పుణ్యం.

ఆవిడకు యాభై అయిదో ఏడు వచ్చినప్పుడు అనుకుంటాను, ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూంలో టీ తాగుతూ, రిటైరయ్యాక ఏం చేస్తారని అడిగాను. "టీచర్లకి చెప్తాను. పిల్లలకి చెప్పింది చాలు" అన్నారు. మా ఊరికి దగ్గర్లోని కోటాలో ఒక బీఎడ్ కాలేజీవాళ్ళు ఆవిడను అడిగి ఉన్నారట. కానీ అక్కడ పాఠం చెప్పాలంటే విద్యాశాస్త్రంలో డాక్టరేట్ ఉండాలి. ముప్ఫయ్యేళ్ళ వయసులో ఆవిడకు రాయపూర్‌లో సీటొచ్చింది. ఆరు నెలలు అక్కడే ఉండి తరగతులకు హాజరవ్వాలి. భర్త లైను మీద, అత్తగారు పక్షవాతంతో మంచం మీద. "సీటు ఒగ్గీసాను. ఒగ్గీసినానని ఎవరికీ చెప్పలేదు కూడాను. చెప్తే అయ్యో అంటారని" అన్నారు. టీ గ్లాసు కింద పెట్టి, "ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేసీవచ్చట కదా?" అని నా వైపు చూశారు. ఆ చూపులో అంత ఆశ ఉంటుందని నేను ఊహించలేదు.

ఆవిడ ఏం పరిశోధించాలనుకుంటున్నారో నాకు అప్పటికే తెలుసు. మా బడిలో ఒకటో తరగతికి వచ్చే తెలుగు పిల్లలు కొందరు నెలల తరబడి నోరు విప్పరు. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్ళో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు. ఏ మాట ఎక్కడ మాట్లాడాలో తెలియక అసలు మాటే మానేస్తారు. టీచర్లు వాళ్ళను మొద్దులంటారు, ఒక్కోసారి మూగవాళ్ళనుకుంటారు. మేడం అలాంటి పిల్లలను ఏళ్ళుగా గమనిస్తూ నోటుబుక్కుల్లో రాసుకుంటున్నారు. ఏ పిల్ల ఏ రోజు మొదటిసారి మాట్లాడింది, ఏ భాషలో, ఏం మాట.

మూడు వారాలపాటు బడి వదిలాక మేమిద్దరం ల్యాబ్‌లో కూర్చున్నాం. నేను వెబ్‌సైట్లు తెరిచేవాణ్ణి, ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని కళ్ళజోడు పైకి తోసుకుంటూ చదివేవారు. నేను ఒక పట్టిక తయారుచేశాను. ఎన్నేళ్ళు, ఎన్ని పేపర్లు, ప్రవేశ పరీక్ష ఉందా, ఊరు వదిలి వెళ్ళాలా. ఆవిడ అడిగేవి వేరే ఉండేవి. "నేను రాసింది ఎవరు చదువుతారు? ఆ మనిషి పేరు ఎక్కడైనా ఉన్నాదా? ఆవిడగాని ఆయనగాని ఎప్పుడైనా ఒకటో తరగతిలో అడుగు పెట్టినారా?" ఒక సైటులో టోపీలు గాల్లోకి ఎగరేస్తున్న ఫొటో చూసి, "వీళ్ళందరూ ఇంతలాగ నవ్వుతున్నారేటి నానా? చదువుకునేటోళ్ళు ఇలగ ఉండరు" అన్నారు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి మళ్ళీ రాయపూర్. పార్ట్‌టైం సీటు, ప్రవేశ పరీక్ష రాయాలి, వచ్చే ఏడాది దాకా ఆగాలి, ఆరు నెలలు వెళ్ళిరావాలి. రెండోది విదేశంలోని ఒక సంస్థ. అంతా ఆన్‌లైన్. గైడు నెలకోసారి వీడియో కాల్‌లో మాట్లాడతాడు. మూడేళ్ళకు డాక్టరేట్. నా పట్టికలో రెండోదానికి అన్ని గళ్ళలోనూ పచ్చ రంగు వేశాను.

"అన్నీ బాగున్నాయి గాని, ఇది మన దగ్గర చెల్లుతాదా? రేపు కోటా కాలేజీవాళ్ళు ఇదేటి కాగితం అంటే? కనుక్కుని చెప్పు" అన్నారు మేడం.

ఆ సంస్థ సైటులోనే ఒక కౌన్సెలర్‌కు రాశాను. ప్రపంచమంతటా ఆమోదం ఉందని గంటలో జవాబొచ్చింది. అదే రోజు మన దేశపు నియంత్రణ సంస్థ ప్రకటన ఒకటి కూడా తెరిచాను. చాలా పేజీలు, చిన్న అక్షరాలు. మొదటి పేజీలో, చేరే ముందు గుర్తింపు ఉందో లేదో సరిచూసుకోవాలని ఉంది. కిందికి ఇంకా ఉంది. నేను కిందికి వెళ్ళలేదు. తొందర ఏమీ లేదు నాకు. ఒంట్లో బాగాలేకా కాదు. అంతకు రెండు రోజుల ముందు స్టాఫ్ రూంలో అందరి ఎదుటా మేడం, "మా ఈశ్వర్‌కి తెలీనిది లేదు" అన్నారు. పచ్చ రంగు పట్టిక ప్రింటు తీసి అందరికీ చూపించారు. ఆ పట్టిక తప్పయ్యే సంగతి ఏదైనా ఆ పేజీల్లో ఉంటుందేమోనని నాలో ఒక మూల అనిపించింది. ఉందో లేదో చూడడానికి మనసొప్పలేదు. మర్నాడు ఆవిడ అడిగితే, "చూశాను మేడం. చెల్లుతుంది" అన్నాను.

"అచ్ఛా" అన్నారు మేడం. అంతే. నన్ను మళ్ళీ అడగలేదు.

తరవాతి మూడేళ్ళు ఆవిడ పనిచేసినట్టు పనిచేసినవాళ్ళను నేను చూడలేదు. పన్నెండుమంది పిల్లల ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. ఆదివారాలు ల్యాబ్ తాళం తీయించి ఇంగ్లీషులో ఒక్కో వాక్యం నాలుగుసార్లు తిరగరాసేవారు. నెలకోసారి గైడుతో కాల్. ఆ మనిషి ముఖం మేమెప్పుడూ చూడలేదు, కెమెరా పాడైందనేవాడు. మేడం ముప్ఫై పేజీలు పంపితే ఒక వాక్యం జవాబు వచ్చేది, బాగుంది, ముందుకు సాగండి అని. మొదట్లో ఆవిడ సంతోషపడ్డారు. ఏడాదిన్నర గడిచాక ఒకరోజు ఆ జవాబును తెరమీద వేలు పెట్టి మళ్ళీ చదివారు. "బాగుందంటాడు గాని ఏది బాగుందో చెప్పడు. ఒక్క ప్రశ్న కూడా అడగడు. నేను మూడో క్లాసు పిల్లడి వ్యాసానికైనా రెండు ప్రశ్నలు రాస్తాను కదా" అన్నారు. "పెద్దవాళ్ళు బిజీగా ఉంటారు మేడం" అన్నాను నేను. అప్పుడైనా ఆ ప్రకటన తెరిచి చదివి ఉండవచ్చు. ఆ ఆలోచన వచ్చింది కూడా. డబ్బూ శ్రమా సగం దారి దాటాక చదివి ఏం లాభం అని నాకు నేనే చెప్పుకున్నాను.

డాక్టరేట్ వచ్చింది. పట్టా ప్రదానం కూడా కంప్యూటర్లోనే. సాయంత్రం ల్యాబ్‌లో టీచర్లంతా తెర చుట్టూ చేరారు. సన్యాసిరావు గారు డ్యూటీ మార్పించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి అందరికన్నా ముందు కూర్చున్నారు. ఎవరో గౌను వేసుకున్న మనిషి మేడం పేరు గుర్తుపట్టలేనట్టు పలికాడు. మేము చప్పట్లు కొట్టాం. మర్నాడు ఆఫీసు గుమ్మం పక్కన బోర్డుమీద, టైంటేబుల్ మీద, అంతటా ఆవిడ పేరు ముందు 'డాక్టర్' చేరింది. అది రాసింది నేనే.

రిటైర్మెంటుకు తొమ్మిది నెలల ముందు కోటా కాలేజీవాళ్ళు సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నారు. తోడు రమ్మంటే వెళ్ళాను. పొద్దున్న ప్యాసింజర్‌లో వెళ్ళి, కోటా ఊరి స్టేషనైన కర్గీ రోడ్‌లో దిగి ఆటో ఎక్కాం. దారి పొడవునా మేడం, మొదటి రోజు ఆ కాబోయే టీచర్లకు ఏం చెప్పాలో నాకు చెబుతూనే ఉన్నారు. కాలేజీ ఆఫీసులో ఒక నడివయసు గుమాస్తా. మర్యాదగా కుర్చీలు వేయించాడు. థీసిస్ తిప్పి చూసి మెచ్చుకున్నాడు. తరవాత కంప్యూటర్లో ఏదో తెరిచి చదివి, తల గోక్కుని, మళ్ళీ చదివాడు. "మేడం, బురా మత్ మానియే", ఏమీ అనుకోకండి అంటూ తెరను మా వైపు తిప్పాడు. పూర్తిగా ఆన్‌లైన్‌లో చేసిన డాక్టరేట్ ఇక్కడ చెల్లదు. అది ఏ సంస్థ ఇచ్చినా సరే. నాకు ఆ పేజీ తెలుసు. అక్షరాలు, పైన ముద్ర, అన్నీ తెలుసు. నేను మూసేసిన చోటికి రెండు పేజీల కింద ఉంది ఆ వాక్యం.

మేడం కళ్ళజోడు సర్దుకుని ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివారు. గుమాస్తాకు నమస్కారం పెట్టి, శ్రమ ఇచ్చాం అని హిందీలో చెప్పి లేచారు. తిరుగు బండికి రెండు గంటలుంది. కర్గీ రోడ్ ప్లాట్‌ఫారం బల్లమీద ఆ బరువైన నల్ల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "సైటులో అబద్ధం రాసీసారు నానా. మనం ఏటి చేస్తాం" అన్నారు. మనం అన్నారు. అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. దుమ్ము లేపుకుంటూ ఒక బొగ్గు బండి పోయింది. అది పోయేసరికి నా మాట కూడా లోపలికి పోయింది.

మర్నాడు ఆవిడ నాకన్నా ముందే బడికి వచ్చి ఉన్నారు. ఆఫీసు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని, తడిగుడ్డతో తన పేరు ముందున్న అక్షరాలు తుడుస్తున్నారు. నేను తుడుస్తాను మేడం అంటే, "వద్దు, నాకు అందుతున్నాది" అన్నారు. ఎందుకు తుడిచారని టీచర్లెవరూ అడగలేదు. వెనక మాత్రం చాలా అనుకున్నారు. కొందరు నవ్వుకున్నారు కూడా.

రిటైరయ్యే ముందు రోజు ఆవిడ బీరువా ఖాళీ చేస్తుంటే నేను సాయం చేస్తున్నాను. ఇక ఆ గదిలో ఆవిడ ఉండరన్న సంగతి తట్టుకోలేక, అప్పటికప్పుడు చెప్పేశాను. ప్రకటన తెరిచానని, పూర్తిగా చదవలేదని, చూశానని అబద్ధం చెప్పానని. మేడం చేతిలో పాత హాజరు పట్టీల కట్ట ఉంది. దాన్ని కింద పెట్టలేదు.

"మొత్తం చదవడానికి ఎంతసేపు పట్టుండును?"

"అరగంట మేడం."

"అరగంట" అన్నారు. కట్టకు తాడు బిగించి ముడి వేశారు. "నువ్వు చూడలేదని చెప్పుంటే నేనే చూసుకుందును. లేకపోతే ఒక ఏడాది ఆగుదును. రాయపూర్ పరీక్ష రాసుందును. అప్పటికి ఓపికున్నాది నాకు."

పని వృథా కాదు మేడం, అది ఎప్పటికీ ఉంటుంది అని ఏదో అనబోయాను. ఆవిడ చెయ్యి ఎత్తారు. "అందరూ అదే అంటున్నారు. అననీ. నువ్వు మాత్రం అనకు. వృథాయే. ఇది చదివి ఒక్క టీచరైనా ఒక్క పిల్లని మొద్దు అనడం మానుతాదని రాసాను. ఎవరూ చదవరు." తరవాత మామూలు గొంతుతో, "ఆ కింది అరలో రిజిస్టర్లు తీయండి, ఈశ్వర్ సార్" అన్నారు.

పన్నెండేళ్ళలో నన్నెప్పుడూ 'సార్' అనలేదు. ఆ తరవాత ఇంకేమీ అనలేదు. రోడ్డుమీద కనిపిస్తే ఆగేవారు, అమ్మ ఎలా ఉందని అడిగేవారు, అన్నీ మర్యాదగానే. 'నానా' అన్న పిలుపు మాత్రం తిరిగి రాలేదు. మరుసటి ఏడు వానాకాలం చివర జ్వరం వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగింది. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉండి వెళ్ళిపోయారు. ఒక్కసారి చూడగలిగాను. ముఖానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను గుర్తుపట్టారు. తల కొంచెం ఊపారు. అందులో ఏముందో వెతుక్కోవడం మానేశాను.

పదో రోజున సన్యాసిరావు గారు అందరి మధ్యలో నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మీ మేడం ఎప్పుడూ అంటుండేది, ఈశ్వరు లేకపోతే నా చదువు అయ్యుండదని. ఆ దేశంకానోళ్ళు మోసం చేసీసారు గాని, నువ్వు చాలా చేసినావు బాబూ" అన్నారు. అప్పుడు అర్థమైంది, ఆవిడ ఆయనకు చెప్పలేదు. రెండేళ్ళపాటు ఆయన ఎక్కడ కనిపించినా, కూరగాయల దగ్గర, వంతెన మీద, పక్కనున్నవాళ్ళకు నన్ను అలాగే పరిచయం చేసేవారు. నేను తల దించుకుంటే, ఎంత వినయమో అనుకునేవారు వాళ్ళు.

బైండింగ్ కొట్టు మెట్లమీద కూర్చున్న ఆ వారమే, ఆదివారం పొద్దున్న, తోర్వా పేటలో ఉన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వరండాలో పీట వేసుకుని సొరకాయ తరుగుతున్నారు. నిలబడే మొత్తం చెప్పాను. ఆయన కత్తి ఆపలేదు. ముక్కలన్నీ గిన్నెలో వేశాక అడిగారు.

"ఆవిడకి తెలుసునేటి?"

"తెలుసండి. రిటైరయ్యే ముందు రోజు నేనే చెప్పాను."

ఆయన సొరకాయ తొక్కలు ఒక్కచోటికి ఊడ్చారు. "ముప్ఫయ్యేడేళ్ళు" అన్నారు చివరికి. "లైను మీంచి వచ్చి బూట్లు ఇప్పీలోగా అన్నీ చెప్పీసేది నాకు. ఎవురింట్లో ఏటి కూరో కూడా చెప్పేది. ఇది చెప్పలేదు." గిన్నె తీసుకుని లేచారు. "నీ మీద నాకు కోపం రాకుండా చూసినాదో, నేను తట్టుకోలేనని అనుకున్నాదో. ఇప్పుడెలగ అడుగుతాను? నువ్వెళ్ళు. ఈయాల్టికి వెళ్ళు."

నా బరువు దింపుకోవడానికి వెళ్ళి, ఆయన దగ్గర మిగిలినదాంట్లోంచి ఒక ముక్క లాక్కుని వచ్చాను. దారంతా అదే అనిపించింది. భార్య తన దగ్గర ఏదీ దాచలేదన్న నమ్మకం ఆయనకు ఉండేది. ఇప్పుడది లేదు.

నెల తరవాత ఆయనే ఫోన్ చేశారు. వెళ్ళేసరికి బల్లమీద ఆ నల్ల పుస్తకం, పక్కన కళ్ళజోడు, పెన్సిలు. "ఇది ఇంగ్లీషు. ఇంత పెద్ద ఇంగ్లీషు నాకు రాదు. ఆవిడ మూడేళ్ళు ఆదివారం ఇంట్లో లేకుండా ఏటి రాసినాదో నాకు తెలవాల. తెలుగులో చెప్పు. ఒక్క ముక్క ఒగ్గకుండా" అన్నారు. నేను చదవడం, ఆయన వినడం. వారానికి నాలుగైదు పేజీలు. పరిచయ అధ్యాయం ఆయన ఓపిగ్గా విన్నారు. నాకు కుర్చీ చూపిస్తారు, టీ ఇస్తారు. బాబూ అని మాత్రం ఇప్పుడు పిలవరు.

పోయిన ఆదివారం మూడో అధ్యాయంలో ఒక పిల్ల దగ్గరికి వచ్చాం. మేడం ఆ పిల్ల అసలు పేరు రాయలేదు, నాలుగో పిల్ల అని మాత్రమే ఉంది. తండ్రి గార్డు. బళ్ళో చేరాక ఏడు నెలలు ఒక్క మాట మాట్లాడలేదు. ఒక మధ్యాహ్నం కిటికీలోంచి గూడ్సు బండి పోవడం చూసి, ఉన్నట్టుండి లేచి నిలబడి, తెలుగులో, "ఎల్వీ లేదు" అంది. బండి చివరి పెట్టెకు ఎల్వీ అని అక్షరాలున్న పలక ఒకటి వేలాడుతుంది. బండి తెగిపోకుండా మొత్తం వచ్చిందనడానికి అదే గుర్తు. క్లాసంతా నవ్వింది, టీచరుకు అర్థం కాలేదు. మేడం ఆ మాటను, తేదీని, గంటను రాసుకున్నారు. దాని కింద, ఆ పిల్ల తొలి మాట ఇంటి భాషలో, తండ్రి పనిలోంచి వచ్చిందని రెండు పేజీల వివరణ. ఆ రెండు పేజీలూ నేను చదివి చెబుతుంటే సన్యాసిరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది సరే. ఎల్వీ లేదన్నాది కదా. నిజంగానే లేదా?"

నేను పేజీ వెనక్కి తిప్పి వెతికాను.

"లేకపోతే వెనక వేగన్లు లైను మీద ఉండిపోయినాయని అనుమానించాల. స్టేషన్ మాస్టర్ ఆ బండిని ఆపాల. ఏ పక్కకి పోతున్నాది బండి? ఎవురైనా స్టేషనుకి ఫోన్ చేసినారా? పిల్ల మాట్లాడినాదని సంబరపడిపోయారు గాని, అది చెప్పినమాట నిజమో కాదో ఎవురైనా వెళ్ళి చూసినారా?"

మూడేళ్ళు గైడు అడగని ప్రశ్న అది. చివరి మౌఖిక పరీక్షకు, వైవాకు, ముగ్గురు కూర్చున్నారు, వాళ్ళూ అడగలేదు. ఆవిడను అడిగి ఉంటే కుర్చీలోంచి ముందుకు వంగి, కళ్ళజోడు పైకి తోసుకుని, ఎంత సంతోషంగా జవాబు చెప్పేవారో. లేదా, అయ్యో నేను చూడలేదే అని ఎంత బాధపడేవారో.

"తెలియదండి. ఇందులో లేదు" అన్నాను.

"లేకపోతే లేదని అక్కడ రాయి" అంటూ పెన్సిల్ నా వైపు జరిపారు.

పేజీ అంచున, తెలుగులో, ఆవిడ నేర్పిన అక్షరాలతో, 'ఇది ఎవరూ చూడలేదు' అని రాశాను. ఆయన వంగి, పెదవులు కదుపుతూ ఒక్కో మాటే చదువుకున్నారు. చదివి, తరవాతి పేజీ తిప్పమన్నారు.